సెమిస్టర్ ఎక్స్ఛేంజ్: విమానం ఎక్కకముందే సగం తేలిపోయే చదువు

1958లో సోఫియా కొరాడీ అనే ఇటలీ విద్యార్థిని అమెరికా నుంచి రోమ్‌కు తిరిగొచ్చింది. చేతిలో కొలంబియా యూనివర్సిటీ మాస్టర్స్ డిగ్రీ ఉంది. అదీ ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద, న్యాయశాస్త్రంలో చదివింది. దాన్ని తన లా డిగ్రీలో కలిపి లెక్కవేయమని రోమ్‌లోని తన యూనివర్సిటీని అడిగితే కుదరదన్నారు. నలుగురి ముందూ చిన్నబుచ్చి మరీ పంపారు. ఆ అవమానం ఆమెకు మానలేదు. ఒక దేశంలో చదివిన చదువు ఇంకో దేశంలో చెల్లాలంటూ ఏళ్ళ తరబడి అధికారుల చుట్టూ, యూనివర్సిటీ పెద్దల చుట్టూ తిరిగింది. 1987లో యూరప్ దేశాల మధ్య విద్యార్థులు మారి చదువుకునే ఎరాస్మస్ పథకం మొదలయ్యాక, దానికి బీజం వేసిన మనిషిగా ఆమెను ‘మమ్మా ఎరాస్మస్’ అని పిలవడం మొదలుపెట్టారు. మొదటి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది విద్యార్థులు వెళ్ళారు. ఇప్పటిదాకా ఆ పథకం కింద సరిహద్దు దాటినవాళ్ళు కోటిన్నర పైమాటే. ఆ లెక్కలో విద్యార్థులతోపాటు అధ్యాపకులు, అప్రెంటిస్‌లు కూడా ఉన్నారనుకోండి.

కొరాడీకి అమెరికాలో చదువుతో పేచీ రాలేదు. దెబ్బ తగిలింది తిరిగొచ్చాక, సొంత యూనివర్సిటీ ఆఫీసులో. ఇవాళ సెమిస్టర్ ఎక్స్ఛేంజ్‌కు వెళ్ళాలనుకునే విద్యార్థి ముందుగా పట్టుకోవలసిన సంగతి ఇదే. బ్రోషర్లలో కోటలూ వంతెనలూ కనిపిస్తాయి గానీ, అసలు ఎక్స్ఛేంజ్ అంటే రెండు యూనివర్సిటీల మధ్య కుదిరిన ఒక లెక్కల ఒప్పందం. పైగా సెమిస్టర్ చాలా చిన్న కాలం. ఏడాది పాటు ఉంటే తప్పటడుగు వేసినా దిద్దుకునే వీలుంటుంది. నాలుగైదు నెలల్లో ఆ వీలు ఉండదు. అందుకే ఈ ప్రయాణం నుంచి చివరికి ఏం మిగులుతుందన్నది చాలావరకు బయల్దేరకముందే, కాగితాల దగ్గరే తేలిపోతుంది.

సీటుకు సీటు

ఎక్స్ఛేంజ్ అనేది అచ్చంగా కుండమార్పు. ఇక్కడి విద్యార్థి అక్కడికి వెళ్తాడు, అక్కడి విద్యార్థి ఇక్కడికి వస్తాడు, ఎవరి ఫీజు వాళ్ళు సొంత యూనివర్సిటీకే కడతారు. ఒకరి సీటులో ఒకరు కూర్చున్నట్టే కాబట్టి ఆతిథ్య యూనివర్సిటీ ట్యూషన్ ఫీజు అడగదు. డిగ్రీ కూడా ఇవ్వదు. ఇచ్చేది మార్కుల పట్టిక ఒక్కటే.

ఈ ఏర్పాటు లోపలి తర్కం తెలిస్తే చాలా విషయాలు అర్థమవుతాయి. రెండు వైపులా రాకపోకలు సమంగా ఉంటేనే బేరం నిలుస్తుంది. ఒక యూనివర్సిటీకి అవతలి నుంచి ఎవరూ రాకపోతే, అక్కడికి పంపే సీట్లు కూడా మెల్లగా తగ్గిపోతాయి. అందరూ ఎగబడే నగరాలకు ఒకటో రెండో సీట్లుండి, పేరు అంతగా వినపడని ఊళ్ళలోని మంచి డిపార్ట్‌మెంట్లకు దరఖాస్తులే రాకపోవడానికి కారణం ఇదే. సీటు రాలేదని నిరాశపడే విద్యార్థుల్లో చాలామంది జాబితాలో పైన ఉన్న నాలుగు పేర్లు తప్ప కిందికి చూడరు. తమ సబ్జెక్టులో ఎవరు గట్టివాళ్ళని చూసి ఎంచుకునే విద్యార్థికి పోటీ చాలా తక్కువ.

ఇదే యూనివర్సిటీకి ఒప్పందం లేకుండా, సొంతంగా ఫీజు కట్టి సెమిస్టర్ చదివే దారి కూడా ఒకటుంది. దాన్ని ‘స్టడీ అబ్రాడ్’ అనో ‘విజిటింగ్ స్టూడెంట్’ అనో అంటారు. క్లాసు అదే, బెంచీ అదే, బిల్లు మాత్రం వేరు. దరఖాస్తు పేజీలో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, పొరపడేవాళ్ళూ ఉంటారు. ఫీజు మాఫీ అన్న మాట వినగానే ఖర్చంతా మాఫీ అనుకోవడం ఇంకో పొరపాటు. అద్దె, వీసా, బీమా, టికెట్లు అన్నీ విద్యార్థి నెత్తి మీదే. ఎరాస్మస్‌లో ఇచ్చే గ్రాంటు కూడా అక్కడ ఉండడానికి అదనంగా అయ్యే ఖర్చులో కొంత సర్దడానికే. అది మొత్తం ఖర్చుకు సరిపోదు.

ఇంకో చిక్కు ‘నామినేషన్’ అనే మాట దగ్గర వస్తుంది. సొంత యూనివర్సిటీ ఎంపిక చేసి పేరు పంపడం నామినేషన్. దాని తర్వాత ఆతిథ్య యూనివర్సిటీకి వేరే గడువుతో, వేరే పోర్టల్‌లో మళ్ళీ దరఖాస్తు పెట్టాలి. నామినేషన్ ఈమెయిల్ రాగానే సీటు వచ్చేసిందని సంబరపడి, రెండో గడువు దాటబెట్టుకునేవాళ్ళ కథలు ప్రతి ఇంటర్నేషనల్ ఆఫీసులోనూ ఉంటాయి.

ఏడాది కాస్తా సెమిస్టర్ అయింది

మొదట్లో ఇది సెమిస్టర్ వ్యవహారం కానే కాదు. 1923లో అమెరికాలోని డెలవేర్ యూనివర్సిటీలో ఫ్రెంచ్ బోధించే రేమండ్ కర్క్‌బ్రైడ్ ఎనిమిది మంది విద్యార్థులను ఓడలో ఫ్రాన్స్ తీసుకెళ్ళాడు. ముందు భాష నేర్చుకుని, తర్వాత పారిస్‌లో చదువుకుని, డిగ్రీ మూడో సంవత్సరం మొత్తం అక్కడే గడపడం ఆ పథకం. ‘జూనియర్ ఇయర్ అబ్రాడ్’ అన్న మాట అలా స్థిరపడింది. ఇప్పుడు అమెరికా నుంచి అలా పూర్తి ఏడాదికి వెళ్ళేవాళ్ళు నూటికి ఐదుగురు కూడా ఉండరు. సెమిస్టర్, అంతకన్నా తక్కువ కాలపు కోర్సులు మిగతా చోటంతా ఆక్రమించాయి. ఎరాస్మస్ కింద అయితే రెండు నెలల నుంచి పన్నెండు నెలల దాకా ఎంతకైనా వెళ్ళవచ్చు.

కుదింపుకు కారణాలు మామూలువే. డిగ్రీల్లో తప్పనిసరి సబ్జెక్టులు పెరిగాయి. ల్యాబ్‌లు, ఇంటర్న్‌షిప్‌లు, ప్లేస్‌మెంట్లు ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం బిగిసిపోయాయి. ఏడాది అద్దె భరించడం కష్టం. ఇవన్నీ కలిసి, ఏడాదిలో జరగాల్సిన పనిని సగం కాలంలోకి నెట్టేశాయి.

ఆ సగం కాలంలో ఎంత పని పడుతుందో ఒకసారి లెక్కవేద్దాం. యూరప్‌లో 1989లో ఎరాస్మస్ కోసమే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, తర్వాత అంతటా పాకిన క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్. అందులో ఏడాదికి 60 క్రెడిట్లు, సెమిస్టర్‌కు 30. ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని. క్లాసు, చదువు, అసైన్‌మెంట్లు, పరీక్ష అన్నీ అందులోకే వస్తాయి. అంటే సెమిస్టర్‌కు 750 నుంచి 900 గంటలు. ఇరవై వారాలకు పంచితే వారానికి 37 నుంచి 45 గంటలు. ఫుల్‌టైమ్ ఉద్యోగమన్నమాట. శుక్రవారం మధ్యాహ్నం నుంచి సోమవారం ఉదయం దాకా రైళ్ళలోనే గడిపే విద్యార్థి ఈ గంటలను ఎక్కడి నుంచి తెస్తాడో ఎవరికీ తెలియదు. తేలేడు. నవంబరు వచ్చేసరికి ఆ సంగతి బయటపడుతుంది.

ఇరవై వారాలు అనేది కూడా కాగితం మీది లెక్కే. మొదటి మూడు నాలుగు వారాలు ఇల్లు, రిజిస్ట్రేషన్, కోర్సుల మార్పులకు పోతాయి. చివరి మూడు వారాలు పరీక్షలవి. మధ్యలో కుదురుగా మిగిలేది మూడు నెలలు.

క్యాలెండర్లు కలవవు

అన్ని దేశాల సెమిస్టర్లూ ఒకేసారి మొదలై ఒకేసారి ముగిస్తే ఎంత బాగుండేది! అమెరికాలో ఫాల్ సెమిస్టర్ ఆగస్టు చివర్లో మొదలై డిసెంబరు మధ్యకల్లా అయిపోతుంది. జర్మనీలో శీతాకాలపు సెమిస్టర్ అధికారికంగా అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా. క్లాసులు అక్టోబరు మధ్యలో మొదలై ఫిబ్రవరి మధ్యదాకా సాగుతాయి, పరీక్షలు ఆ చివర్లో. జపాన్‌లో విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. ఆస్ట్రేలియాలో మొదటి సెమిస్టర్ ఫిబ్రవరి చివర్లో గానీ మార్చిలో గానీ, రెండోది జులైలో.

దీని ఫలితం ఒక ఉదాహరణతో చూడొచ్చు. సొంత యూనివర్సిటీలో రెండో సెమిస్టర్ జనవరి మొదటివారంలో తెరుచుకునే విద్యార్థి, మొదటి సెమిస్టర్‌కని జర్మనీ వెళ్ళాడనుకుందాం. జనవరిలో అక్కడ ఇంకా క్లాసులే నడుస్తుంటాయి. ఫిబ్రవరి పరీక్ష రాయాలంటే ఇక్కడి ఆరేడు వారాలు పోతాయి. ఇక్కడి క్లాసుకు వచ్చేయాలంటే అక్కడి క్రెడిట్లు పోతాయి. కొందరు ప్రొఫెసర్లు ముందుగా పరీక్ష పెట్టడానికో, పరీక్షకు బదులు పేపర్ రాయించుకోవడానికో ఒప్పుకుంటారు. ఒప్పుకోని వాళ్ళూ ఉంటారు. కోర్సు మొదలైన తొలి వారంలో అడిగితే ఒప్పుకునే అవకాశం ఎక్కువ, డిసెంబరులో అడిగితే బాగా తక్కువ. అటు ఏప్రిల్‌లో మొదలయ్యే వేసవి సెమిస్టర్‌కు వెళ్ళేవాళ్ళకు జులైదాకా ఆగడం పెద్ద సమస్య కాదు. కాబట్టి ఏ దేశం అన్నదాంతోపాటు ఏ సెమిస్టర్ అన్నది కూడా తూచి చూసుకోవాల్సిన ప్రశ్నే.

వీసా దగ్గర కూడా సెమిస్టర్ నిడివే ఇబ్బంది. ఒకే వీసాతో తిరగగలిగే షెంగెన్ కూటమి యూరప్ దేశాల్లో పర్యాటకులకు వర్తించే నిబంధన ప్రకారం ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకు మించి ఉండకూడదు. సెమిస్టర్ ఆ 90 రోజులను దాటుతుంది. దాంతో యూరప్ బయటివాళ్ళలో ఎక్కువమందికి డి-టైప్ దీర్ఘకాలిక వీసా, తర్వాత కొన్ని దేశాల్లో నివాస పర్మిట్ కూడా కావాలి. నాలుగున్నర నెలలుండే మనిషి నాలుగేళ్ళుండే మనిషి తిరిగినన్ని ఆఫీసులు తిరగాలి. అమెరికాకు ఎక్స్ఛేంజ్ విద్యార్థులు సాధారణంగా జే-1 వీసా మీద వెళ్తారు. దానికి ముందు ఆతిథ్య యూనివర్సిటీయో, స్పాన్సరో డీఎస్-2019 అనే పత్రం పంపాలి. అది చేతికి రాకుండా ఇంటర్వ్యూకు పోయి లాభం లేదు. బీమా మీద కూడా ఆ వీసాకు గట్టి షరతులున్నాయి. ఒక్కో జబ్బుకు లేదా ప్రమాదానికి కనీసం లక్ష డాలర్ల కవరేజ్ ఉండాలి, వైద్యం కోసం వేరే చోటికి తరలించడానికి 50,000 డాలర్ల కవరేజ్ ఉండాలి. చవగ్గా దొరికే ట్రావెల్ బీమాలన్నీ ఈ గీత దాటవు.

దిగాక ఇంకో గొలుసు మొదలవుతుంది. జర్మనీలో ఇల్లు మారిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించాలి. జపాన్‌లోనూ చిరునామా దొరికిన 14 రోజుల్లో స్థానిక ఆఫీసులో చెప్పాలి. మూడు నెలలకు మించి ఉండే విద్యార్థి అక్కడి జాతీయ ఆరోగ్య బీమాలో చేరాలి. చాలాచోట్ల బ్యాంకు ఖాతాకు చిరునామా కావాలి, ఇంటి యజమానికేమో బ్యాంకు ఖాతా కావాలి. గుడ్డు ముందా కోడి ముందా అన్నట్టుంటుంది. హాస్టల్ సీటును ఆతిథ్య యూనివర్సిటీ ముందే ఖాయం చేస్తే ఈ ముడి దానంతటదే విడిపోతుంది. రెండు యూనివర్సిటీల మధ్య ఎంచుకోవాల్సి వస్తే, ర్యాంకుల కన్నా ఈ ఒక్క విషయం ఎక్కువ పని చేస్తుందని చెప్పినా అతిశయోక్తి కాదు.

ఆ కాగితం పేరు లెర్నింగ్ అగ్రిమెంట్

కొరాడీకి లేనిది, ఇవాళ్టి విద్యార్థికి ఉన్నది ఈ కాగితమే. ఎరాస్మస్ నమూనాలో అది రెండు పట్టికలుగా ఉంటుంది. మొదటి పట్టికలో ఆతిథ్య యూనివర్సిటీలో చదవబోయే కోర్సులు, వాటి కోడ్‌లు, క్రెడిట్లు రాస్తారు. రెండోదాంట్లో సొంత డిగ్రీలో వాటికి బదులుగా ఏమేం రాసుకుంటారో ఉంటుంది. కింద మూడు సంతకాలు: విద్యార్థిది, పంపేవాళ్ళది, చేర్చుకునేవాళ్ళది. ముగ్గురూ సంతకం చేశాక, ఆ కోర్సులు పాసై వచ్చిన విద్యార్థికి క్రెడిట్లు ఇవ్వక తప్పదు.

రెండో పట్టికను ఎలా నింపారన్నదే అసలు కథ. కొందరు కోఆర్డినేటర్లు కోర్సుకు కోర్సు జత కట్టాలని పట్టుబడతారు. ఇక్కడ ‘ఆర్థిక గణాంకశాస్త్రం-2’ ఉంటే అక్కడా అచ్చం అదే ఉండాలి, సిలబస్‌లో ముప్పావు వంతైనా కలవాలి అంటారు. ఇక్కడ దొరికేదాన్నే చదవడానికి అంత దూరం పోవడమెందుకో మరి. ఇంకొందరు మూటగా చూస్తారు. అక్కడి 30 క్రెడిట్లకు ఇక్కడ ఐచ్ఛికాల కింద 30 క్రెడిట్లు, అంతే. సొంత యూనివర్సిటీలో దొరకని సబ్జెక్టు చదివే అవకాశం రెండో పద్ధతిలోనే నిలుస్తుంది. అందుకే తెలివైన విద్యార్థి తప్పనిసరి సబ్జెక్టులను సొంత యూనివర్సిటీలోనే ముందుగానో వెనకగానో సర్దుకుని, ఐచ్ఛికాలను ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కు దాచుకుంటాడు. ఈ సర్దుబాటు ఏడాది, ఏడాదిన్నర ముందు నుంచే మొదలుకావాలి.

అంత జాగ్రత్తగా నింపిన మొదటి పట్టిక అక్కడికి వెళ్ళిన రెండు వారాల్లో తారుమారవుతుంది. ఇది మినహాయింపు కాదు, మామూలుగా జరిగేదే. ఎంచుకున్న కోర్సుల్లో ఒకటి ఈ ఏడాది చెప్పడం లేదంటారు. రెండు కోర్సులు ఒకే మంగళవారం ఒకే సమయానికి పడతాయి. ఇంకొకటి స్థానిక విద్యార్థులతోనే నిండిపోతుంది. ఇంగ్లీషులో చెబుతారని రాసి ఉన్నది తీరా వెళ్తే స్థానిక భాషలో నడుస్తుంటుంది. మార్పులకు అగ్రిమెంట్‌లో వేరే పట్టిక ఉంటుంది. దాన్ని నింపి మళ్ళీ మూడు సంతకాలూ తెచ్చుకోవాలి. కారిడార్‌లో ఎదురుపడిన ప్రొఫెసర్ ‘పర్వాలేదు, తీసుకో’ అన్న మాట తిరిగొచ్చాక ఎవరికీ గుర్తుండదు. ఈమెయిల్‌లో రాసి ఉంటే మాత్రం గుర్తుంటుంది. అందుకే కావాల్సిన ఐదు కోర్సులకు బదులు ఎనిమిదింటికి ముందే ఆమోదం తీసుకుని వెళ్ళడం చాలామంది నేర్చుకున్న ఉపాయం.

పద్నాలుగు మార్కుల కథ

క్రెడిట్ల తర్వాత మార్కులు. ఒక్కో దేశానికీ ఒక్కో కొలత. ఇటలీలో ముప్పైకి పద్దెనిమిది వస్తే పాస్. ఫ్రాన్స్‌లో ఇరవైకి పది. జర్మనీలో అంతా తలకిందులు, 1.0 అన్నిటికన్నా గొప్ప మార్కు, 5.0 అంటే ఫెయిల్. బ్రిటన్‌లో నూటికి డెబ్బై వస్తే ఫస్ట్ క్లాస్. తొంభైలకు అలవాటుపడ్డ విద్యార్థి అక్కడ 68 చూసి దిగులుపడితే, పక్కవాడు అదే మార్కుకు పండగ చేసుకుంటుంటాడు.

మార్చేదెలా? జర్మనీలో బాగా వాడుకలో ఉన్నది సవరించిన బవేరియన్ సూత్రం. అక్కడి గరిష్ఠ మార్కులోంచి విద్యార్థికి వచ్చిన మార్కు తీసేయాలి. అలా మిగిలినదాన్ని గరిష్ఠానికీ పాస్ మార్కుకూ ఉన్న తేడాతో భాగించాలి. మూడుతో గుణించి ఒకటి కలపాలి. ఇటలీలో 26 తెచ్చుకున్న విద్యార్థికి ముప్పైలోంచి ఇరవైయారు పోతే నాలుగు, దాన్ని పన్నెండుతో భాగించి మూడుతో గుణిస్తే ఒకటి, ఒకటి కలిపితే 2.0. జర్మన్ లెక్కలో అది ‘గుడ్’. బాగానే ఉంది.

ఇప్పుడు ఫ్రాన్స్‌లో 14 తెచ్చుకున్న విద్యార్థిని చూడండి. ఇరవైలోంచి పద్నాలుగు పోతే ఆరు, పదితో భాగిస్తే 0.6, మూడుతో గుణిస్తే 1.8, ఒకటి కలిపితే 2.8. జర్మన్ లెక్కలో 2.8 అంటే ‘తృప్తికరం’, మామూలు మార్కు. ఫ్రాన్స్‌లోనేమో 14 దగ్గర ‘బియాఁ’ అనే గౌరవం మొదలవుతుంది, అంటే ‘బాగుంది’ అని. 16 తెచ్చుకుంటే అక్కడ ‘త్రే బియాఁ’, చాలా బాగుంది అని. అదే సూత్రంలో 16 పెడితే 2.2 వస్తుంది, జర్మనీలో ఉత్త ‘గుడ్’. ఫ్రెంచి అధ్యాపకులు 18, 19 అనేవి దాదాపు ఎవరికీ వేయరు. సూత్రానికి ఆ సంగతి తెలియదు. అది ఇరవైని నిజంగా అందుబాటులో ఉన్న మార్కుగానే లెక్కిస్తుంది. లెక్క ఎక్కడా తప్పలేదు, విద్యార్థి మాత్రం నష్టపోయాడు.

యూరప్ ఈ సమస్యను చూడలేదని కాదు. ఒకప్పుడు పాసైనవాళ్ళలో పై 10 శాతానికి ఏ, తర్వాతి 25 శాతానికి బీ అంటూ ఒక స్కేలు పెట్టి, తర్వాత దాన్ని వదిలేసి, ప్రతి డిపార్ట్‌మెంటూ తన మార్కుల పంపిణీ పట్టికను ప్రకటించే పద్ధతికి మారింది. ఫ్రాన్స్‌లో 14 తెచ్చుకున్న విద్యార్థి ఆ క్లాసులో పై పది శాతంలో ఉన్నాడో లేదో అప్పుడు తెలుస్తుంది. పద్ధతి మంచిదే, కానీ రెండువైపులా ఆ పట్టికలు తయారు చేసి వాడితేనే పనికొస్తుంది.

కొన్ని యూనివర్సిటీలు ఈ గొడవంతా ఎందుకని, బయట చదివిన కోర్సులను ‘పాస్’ అని మాత్రమే రాసుకుని జీపీఏలో, అంటే డిగ్రీ మొత్తం మార్కుల సగటులో, కలపవు. అవతలి మార్కు జీపీఏలోకి వస్తుందా రాదా అన్న ఒక్క ప్రశ్నకు జవాబు తెలిస్తే, అక్కడ ఏం చదవాలన్నదే మారిపోతుంది. రాదంటే భయం లేకుండా కొత్త సబ్జెక్టు, కష్టమైన సబ్జెక్టు ఎంచుకోవచ్చు. వస్తుందంటే ఆచితూచి అడుగేయాలి. ఇంత ముఖ్యమైన ప్రశ్నను చాలామంది తిరిగొచ్చాక అడుగుతారు.

క్లాసులో మారేవి

భాష సంగతి అందరికీ తెలిసిందే. తెలియనిది క్లాసు అలవాట్లు. జర్మన్ టైమ్‌టేబుల్‌లో ‘10 సి.టి.’ అని ఉంటే క్లాసు పదింపావుకు మొదలవుతుందని అర్థం. ‘ఎస్.టి.’ అని ఉంటే సరిగ్గా పదికే. మొదటివారం పదికే వెళ్ళి ఖాళీ గదిలో కూర్చుని, తప్పు గదికి వచ్చామేమోనని టెన్షన్ పడే కొత్తవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు. ఇటలీలో చాలా పరీక్షలు నోటితోనే, ప్రొఫెసర్ ఎదురుగా కూర్చుని. వారం వారం అసైన్‌మెంట్లతో మార్కులు కూడబెట్టుకునే పద్ధతిలో పెరిగిన విద్యార్థి, మొత్తం మార్కులు ఒక్క చివరి పరీక్ష మీదే ఉండే క్లాసులోకి వెళ్తే రెండు నెలలు హాయిగా గడిపేసి మూడో నెలలో కళ్ళు తేలేస్తాడు. జర్మనీలో చాలా యూనివర్సిటీల్లో కోర్సులో చేరడం ఒకటి, పరీక్షకు పేరివ్వడం ఇంకొకటి. రెండోదానికి విడి గడువుంటుంది. అది దాటితే సెమిస్టరంతా క్లాసుకు వెళ్ళినా పరీక్ష హాల్లో పేరుండదు.

దిగులు ఎప్పుడు తగులుతుంది

పరాయి దేశంలో మనసు ఎలా మారుతుందన్నదానికి బాగా వాడుకలో ఉన్న బొమ్మ ‘యు’ ఆకారపు గీత. మొదట ఉత్సాహం, తర్వాత కుంగుబాటు, ఆపైన కుదురు. 1955లో నార్వేకు చెందిన స్వెర్రె లిస్‌గార్డ్, అమెరికాలో ఫుల్‌బ్రైట్ మీద ఉండి వచ్చిన 200 మంది నార్వే వాళ్ళను విచారించి ఈ ఆకారాన్ని చెప్పాడు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్ళూ, 18 నెలలు దాటి ఉన్నవాళ్ళూ బాగానే సర్దుకున్నట్టు కనిపించారు. మధ్యవాళ్ళు ఇబ్బంది పడ్డారు. ఆ లెక్కన ఐదు నెలల విద్యార్థి గీత కిందికి దిగకముందే ఇల్లు చేరిపోతాడు.

కానీ ఈ బొమ్మ అందరికీ అతకదు. లిస్‌గార్డ్ ఒకే మనిషిని మొదటి నుంచి చివరిదాకా వెంబడించలేదు, వేర్వేరు కాలాలు ఉండొచ్చిన వేర్వేరు మనుషులను పోల్చాడు. 1998లో వెలువడిన ఒక అధ్యయనంలో న్యూజిలాండ్‌కు చదువుకోవడానికి వచ్చిన జపాన్ విద్యార్థులను దిగినప్పటి నుంచి ఏడాదిపాటు గమనించారు. వాళ్ళకు అన్నిటికన్నా కష్టకాలం దిగిన కొత్తలోనే. అనుభవం కూడా దీన్నే ఎక్కువగా బలపరుస్తుంది. సూట్‌కేసు తెరవకుండానే, తాళం పని చేయని గదిలో, ఎవరి ఫోన్ నంబరూ లేని ఊళ్ళో గడిపిన మొదటి రాత్రిని మించిన దిగులు సాధారణంగా తర్వాత రాదు. సెమిస్టర్ విద్యార్థికి ఇది కొంత అన్యాయం కూడా. ఉన్న ఇరవై వారాల్లో మొదటి ఐదు ఇలా పోతే, కుదురుకున్నాక మిగిలేది కొద్దిగే.

ఆ కష్టకాలంలో చేయి అందించేది తోటి ఎక్స్ఛేంజ్ విద్యార్థులే. ఒకే హాస్టల్ బ్లాకు, ఒకే ఓరియంటేషన్ వారం, అందరికీ ఒకే రకం ఇబ్బందులు. స్నేహాలు వారంలో కుదిరిపోతాయి. తర్వాత ఆ గుంపులోంచి బయటికి రావడమే కష్టమవుతుంది. స్థానిక విద్యార్థులకు స్నేహితులు ఎప్పటి నుంచో ఉన్నారు, ఐదు నెలల్లో వెళ్ళిపోయే మనిషి కోసం వాళ్ళు ప్రత్యేకంగా చోటు చేయరు. వాళ్ళది పొగరని అనుకోవడం తేలిక, కానీ సొంత క్యాంపస్‌కు వచ్చిన ఎక్స్ఛేంజ్ విద్యార్థులను మనం ఎందరిని పలకరించామో గుర్తు తెచ్చుకుంటే సంగతి అర్థమవుతుంది. ఈ గోడను దాటించేవి పార్టీలు కావు, వారం వారం తప్పకుండా కలవాల్సిన పనులు: గ్రూప్ ప్రాజెక్టు, గాయక బృందం, ఆటల జట్టు. ఎక్స్ఛేంజ్ వాళ్ళ కోసమే పెట్టిన ఇంగ్లీషు కోర్సులు మాత్రమే తీసుకుంటే స్థానికులతో కలిసే ఒక్క సందు కూడా మూసుకుపోతుంది.

లాభం ఎంత, ఎవరికి

ఎక్స్ఛేంజ్‌కు వెళ్ళొచ్చినవాళ్ళకు ఉద్యోగాలు బాగా వస్తాయని ప్రచారం ఉంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. వెళ్ళేవాళ్ళు ముందు నుంచే మంచి మార్కులు, భాష, ఇంట్లో కాస్త ఆసరా ఉన్నవాళ్ళు. వాళ్ళు వెళ్ళకపోయినా బాగుపడేవాళ్ళేమో. ఈ చిక్కును విప్పడానికి మథియాస్ పారే, ఫేబియన్ వాల్డింగర్ అనే ఆర్థికవేత్తలు ఒక దారి వెతికారు. ఎరాస్మస్ సీట్లు జర్మనీలో అన్ని యూనివర్సిటీలకూ, అన్ని డిపార్ట్‌మెంట్లకూ ఒకేసారి రాలేదు. విద్యార్థి ప్రతిభతో నిమిత్తం లేకుండా ఒక చోట ముందు, ఇంకో చోట వెనక వచ్చాయి. ఆ తేడాను వాడుకుని లెక్కవేస్తే, బయట చదవడం వల్ల తర్వాత విదేశంలో ఉద్యోగం చేసే అవకాశం దాదాపు 15 శాతం పాయింట్లు పెరుగుతుందని తేలింది. 2011లో ప్రచురించారు. గమనించండి, అది జీతం పెరుగుదల కాదు, ఊరు దాటే అలవాటు.

2014లో యూరోపియన్ కమిషన్ వెలువరించిన అధ్యయనంలో ఎరాస్మస్‌కు వెళ్ళొచ్చినవాళ్ళలో 27 శాతం మంది జీవిత భాగస్వామిని అక్కడే కలిశామని చెప్పారు. ఆ లెక్కన 1987 నుంచి సుమారు పది లక్షల మంది పిల్లలు పుట్టి ఉంటారని కమిషన్ ఓ అంచనా కూడా వేసింది. లెర్నింగ్ అగ్రిమెంట్‌లో దానికి గడి లేదు.

ఎవరు వెళ్తున్నారన్నది మాత్రం నవ్వులాట కాదు. 2020కల్లా పట్టభద్రుల్లో 20 శాతం మందికి బయట చదివిన అనుభవం ఉండాలని యూరప్ మంత్రులు 2009లో లక్ష్యం పెట్టుకున్నారు. అందుకోలేకపోయారు. 2024లో యూరోపియన్ యూనియన్ దాన్ని 2030కల్లా 23 శాతంగా మళ్ళీ రాసుకుంది. వెళ్ళనివాళ్ళను అడిగితే మొదట వినిపించేది డబ్బు. గ్రాంటు తరచుగా ఆలస్యంగా చేతికొస్తుంది, అడ్వాన్స్ అద్దె మాత్రం మొదటి రోజే కట్టాలి. ఈ మధ్య కాలాన్ని ఇంటి డబ్బుతో పూడ్చగలిగినవాళ్ళే బయల్దేరతారు. పార్ట్‌టైమ్ ఉద్యోగం మీద చదువుకుంటున్న విద్యార్థికి ఐదు నెలలు వెళ్ళడమంటే ఆ ఉద్యోగం కూడా వదులుకోవడమే.

తిరిగొచ్చాక

రిజిస్ట్రేషన్ రద్దు, గది తాళాలు, డిపాజిట్, ఫోన్ కనెక్షన్. చివరి వారం ఇలాంటివాటితోనే గడిచిపోతుంది. మార్కుల పట్టిక అప్పటికి రాదు. ఎరాస్మస్ అగ్రిమెంట్ ప్రకారం ఫలితాలు ప్రకటించాక సాధారణంగా ఐదు వారాల లోపు పంపాలి. ఈలోగా సొంత యూనివర్సిటీలో కొత్త సెమిస్టర్ మొదలైపోయి ఉంటుంది, తర్వాతి కోర్సుకు అర్హత ఉందో లేదో తేలకుండానే పేరిచ్చేయాలి. అక్కడ ఒక కోర్సు తప్పితే కష్టం ఇంకాస్త పెరుగుతుంది. మళ్ళీ రాయాల్సిన పరీక్ష ఇంకో దేశంలో ఉంది మరి.

ఆ పట్టిక చేతికొచ్చి, అందులోని కోర్సును ఆఫీసువాళ్ళు కాదంటే? 1997 నాటి లిస్బన్ ఒప్పందంలో చేరిన దేశాల్లో, బయట చదివిన కాలాన్ని గుర్తించడమే నియమం. గుర్తించబోమని చెప్పాలంటే రెండు చదువుల మధ్య గణనీయమైన తేడా ఉందని యూనివర్సిటీయే చూపించాలి. 1958లో రోమ్‌లో కొరాడీకి అలా కారణం చూపించాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది.